కందిరీగ కాలికి డీనీజీ కిట్: జాతి గుర్తింపుకి భేష్, జీనోమ్ కట్టడానికి వద్దు

వలస కందిరీగ చేతికొస్తే ముందుగా తేలాల్సినవి రెండు: ఏ జాతి, ఎక్కడిది. ఈ రెండింటికీ కణజాలంలోంచి డీఎన్‌ఏను వేరుచేసే కియాజెన్ వారి డీనీజీ బ్లడ్ అండ్ టిష్యూ కిట్ నమ్మకంగా పనికొస్తుంది. కెనడాలోని ననైమోలో, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2019లో దొరికిన వెస్పా మాండరీనియా (ఆసియా రాక్షస కందిరీగ) ఒకే గుంపు కాదని, ఒకటి జపాన్ వైపుది, ఇంకొకటి దక్షిణ కొరియా వైపుదని తేల్చింది మైటోకాండ్రియా డీఎన్‌ఏనే. ఆ స్థాయి పనికి ఒక్క కాలు చాలు.

ఫలితమంతా మొదటి రోజు మీదే ఆధారపడుతుంది. ఆల్కహాల్లోంచి తీసిన కాలిని పూర్తిగా ఆరనిచ్చి, సన్నగా తరిగి, కిట్‌లోని ఏటీఎల్ బఫర్ (కణజాలాన్ని కరిగించే ద్రావణం) 180 మైక్రోలీటర్లలో వేసి, ప్రొటీన్లను కరిగించే ఎంజైమ్ ప్రొటీనేజ్ కె 20 మైక్రోలీటర్లు కలపండి. 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. తొందరపడితే కండ సగమే కరిగి డీఎన్‌ఏ పలచగా వస్తుంది. కైటిన్ పెంకు ఎంతసేపు ఉంచినా కరగదు. ఆ ముక్కలు కాలమ్‌ను (డీఎన్‌ఏను పట్టి ఉంచే వడపోత గొట్టాన్ని) మూసేస్తాయి కాబట్టి ఒకసారి సెంట్రిఫ్యూజ్ తిప్పి పైద్రవమే తీసుకోండి. తర్వాత ఏఎల్ బఫర్ 200, ఇథనాల్ 200 మైక్రోలీటర్లు కలిపి కాలమ్‌లో పోసి తిప్పండి, ఆపైన కడగండి. కడిగే ద్రావణాలు రెండు, ఏడబ్ల్యూ1, ఏడబ్ల్యూ2. రెండోదాన్ని 20,000 జీ దగ్గర మూడు నిమిషాలు తిప్పాల్సిందే. ఇథనాల్ మిగిలితే తర్వాత చేసే పీసీఆర్ (డీఎన్‌ఏను లక్షల కాపీలుగా పెంచే పరీక్ష) ఆగిపోతుంది. చివర్లో కాలమ్‌లోంచి డీఎన్‌ఏను దింపడానికి మాన్యువల్ చెప్పే 200 మైక్రోలీటర్ల ద్రవం ఒక కాలికి మరీ ఎక్కువ. 50తో తీసి, అదే ద్రవాన్ని మళ్లీ కాలమ్ మీద పోయండి.

ఏడబ్ల్యూ1, ఏడబ్ల్యూ2 సీసాలు చిక్కగా వస్తాయి, ఇథనాల్ మనమే కొని కలపాలి. అది మరిస్తే కడుగులోనే డీఎన్‌ఏ కొట్టుకుపోతుంది. కొత్తవాళ్లున్న ల్యాబ్‌లో మూత మీద మార్కర్‌తో టిక్కు పెట్టే అలవాటు చేయండి. ఆర్‌ఎన్‌ఏను తొలగించే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏజ్ కూడా విడిగానే కొనాలి. మన వేసవిలో గది 25 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ప్రొటీనేజ్ కె ఫ్రిజ్‌లో ఉండాలి. బఫర్లను మాత్రం బయటే ఉంచండి, చల్లబడితే అడుగున తెల్లగా పేరుకుంటాయి. అలా అయితే 56 డిగ్రీల దగ్గర వెచ్చబెడితే మళ్లీ కరుగుతాయి.

ఇక జీనోమ్, అంటే మొత్తం డీఎన్‌ఏ క్రమాన్ని కట్టే సంగతి. కాలమ్‌లోంచి వచ్చే డీఎన్‌ఏ ముక్కలు చాలావరకు 30 కిలోబేస్‌లు (30 వేల అక్షరాల పొడవు), అంతకన్నా చిన్నవే. జీనోమ్ కట్టడానికి వాడే లాంగ్ రీడ్ సీక్వెన్సింగ్‌కి (పొడవైన ముక్కల్ని ఒకేసారి చదివే పద్ధతికి) పొడవైన డీఎన్‌ఏ కావాలి, దానికి వేరే పద్ధతి ఉంది. ఒకటే క్రోమోజోమ్ సెట్ ఉండే మగ కందిరీగ దొరికితే ఈ కిట్‌లో వేసి పాడుచేయకండి, నేరుగా మైనస్ 80లో పెట్టండి.

ఏఎల్, ఏడబ్ల్యూ1 వ్యర్థాల్లో గ్వానిడీన్ అనే రసాయనం ఉంటుంది. వాటిలో బ్లీచింగ్ ద్రావణం పొరపాటున కూడా పోయొద్దు, విషవాయువు వస్తుంది.