హెచ్‌డీ 650నా, 800 ఎస్సా?
రెండూ సెన్‌హైజర్ హెడ్‌ఫోన్లే, రెండూ ఓపెన్ బ్యాక్ (అంటే కప్పుల వెనక మూసి ఉండదు), రెండింటి ఇంపీడెన్స్ (కరెంటుకి అడ్డు) 300 ఓమ్‌లు, సో ఫోన్‌కి డైరెక్ట్‌గా తగిలిస్తే సౌండ్ పీలగా వస్తది, యాంప్ (యాంప్లిఫయర్) కొనాల్సిందే. 800 ఎస్‌లో స్టేజ్ (వాయిద్యాలు విడివిడిగా, దూరదూరంగా వినపడే ఫీల్) మాత్రం అదుర్స్ అండి, కచేరీ రికార్డింగ్ పెడితే వయొలిన్ ఒక పక్క, మృదంగం ఇంకో పక్క, మధ్యలో బోలెడు ఖాళీ, కమాను తీగ మీద రాసుకునే గరగర కూడా దొరికిపోద్ది. కానీ పాత రికార్డింగులు పెట్టామా, స, ష అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి, అక్కడ 650నే నయం, గొంతు నిండుగా, మెత్తగా ఉంటది.

కంఫర్ట్‌కొస్తే 650 బరువు 260 గ్రాములే అయినా కొత్తలో దవడలు పట్టేస్తది, కళ్లజోడు ఉంటే ఇంకా నరకం. 800 ఎస్ 330 గ్రాములు, అయినా కప్పులు పెద్దవి కాబట్టి చెవికి తగలదు, బరువే తెలీదు. రేటేమో కొన్ని రెట్లు ఎక్కువ మరి! రోజంతా పాటలు వినే నాకు 650 చాలు. రెండూ ఓపెన్ బ్యాకే కాబట్టి ఏది కొన్నా ఫ్యాన్ సౌండ్ లోపలికొస్తది, మన పాట పక్కనోళ్లకి వినపడద్ది.