వీఎంవేర్ డీఆర్‌ఎస్ నిబంధనలు: ఏ వర్చువల్ మెషీన్ ఏ సర్వర్‌పై నడవాలో నిర్ణయించే సాధనంపై సమీక్ష

డేటా సెంటర్‌లో ఒక క్లస్టర్ కింద, అంటే ఒకే సమూహంగా, పదో ఇరవయ్యో సర్వర్లు ఉన్నప్పుడు, ఏ వర్చువల్ మెషీన్ (సర్వర్‌ను ఇతర మెషీన్లతో పంచుకుంటూ సాఫ్ట్‌వేర్ రూపంలో నడిచే కంప్యూటర్) ఏ సర్వర్ మీద నడుస్తోందన్నది చాలావరకు నిర్వాహకుడు పట్టించుకోనవసరం లేని విషయం. నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండానే మరో సర్వర్‌కు తరలించే వీమోషన్ అనే సదుపాయాన్ని ఆధారం చేసుకుని, ఎప్పుడు దేన్ని ఎక్కడికి తరలించాలో తానే నిర్ణయించే డిస్ట్రిబ్యూటెడ్ రిసోర్స్ షెడ్యూలర్‌ను వీఎంవేర్ సంస్థ 2006లో విడుదల చేసింది. అందరూ డీఆర్‌ఎస్ అనే ఈ సాధనం లోడును సర్దడంలో ఎంత సమర్థమైనదైనా, కొన్ని మెషీన్ల విషయంలో నిర్ణయాన్ని పూర్తిగా దానికే వదిలేయలేము. అటువంటి చోట మన మాట చెల్లడానికి ఉన్నవే అఫినిటీ నిబంధనలు, అంటే ఏ మెషీన్ దేనితో కలిసి, ఏ సర్వర్ మీద నడవాలో, నడవకూడదో చెప్పే నియమాలు. ఇన్నేళ్ల వాడకం తరువాత వీటి గురించి నా అభిప్రాయం ఇది: యంత్రాంగం పటిష్ఠమైనది, కానీ అందులోని అత్యంత కఠినమైన ఎంపిక అవసరానికి మించి సులువుగా చేతికి అందుతుంది.

మెషీన్ల మధ్య నిబంధనలు రెండు రకాలు. రెండు డొమైన్ కంట్రోలర్లు (సంస్థలో అందరి లాగిన్‌లనూ సరిచూసే మెషీన్లు) గానీ, ఒకే డేటాబేస్‌కు చెందిన రెండు ప్రతులు గానీ ఒకే సర్వర్ మీద ఉంటే, ఆ సర్వర్ పోయిన క్షణాన రెండూ పోతాయి. వాటిని విడదీసి ఉంచే నిబంధన ప్రతి క్లస్టర్‌లోనూ ఉండవలసినదే. కలిపి ఉంచే నిబంధన అవసరం చాలా తక్కువ. ఒకదానితో ఒకటి ఎడతెగకుండా మాట్లాడుకునే అప్లికేషన్‌నూ దాని డేటాబేస్‌నూ ఒకే సర్వర్ మీద ఉంచితే వాటి మధ్య ట్రాఫిక్ బయటి నెట్‌వర్క్‌లోకి రాకుండా లోపలే సాగిపోతుందన్నది నిజమే గానీ, ఆ లాభాన్ని కొలిచి చూడకుండా ఈ నిబంధన పెట్టడం డీఆర్‌ఎస్ చేతులు కట్టేయడమే అవుతుంది. రెండు నిబంధనలు పరస్పరం విరుద్ధమైతే పాతదే చెల్లుతుంది, కొత్తది నిలిచిపోతుంది. ఈ సంగతి తెలియక, పెట్టిన నిబంధన పనిచేస్తోందనుకుని నిశ్చింతగా ఉండేవారు లేకపోలేదు.

అసలు విషయం మెషీన్లకూ సర్వర్లకూ మధ్య పెట్టే నిబంధనల్లో ఉంది. 2010లో వీఎంవేర్ వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ అయిన వీస్పియర్ 4.1తో వచ్చిన ఈ ఏర్పాటులో ముందు మెషీన్లను ఒక గ్రూపుగా, సర్వర్లను మరో గ్రూపుగా చేర్చి, మొదటి గ్రూపు రెండో గ్రూపు మీద తప్పనిసరిగా నడవాలనో, వీలైనంతవరకు నడవాలనో చెప్పాలి. నడవకూడదని చెప్పడంలోనూ ఇదే తేడా ఉంటుంది. తెర మీద ఈ ఎంపికలన్నీ ఒకే జాబితాలో పక్కపక్కనే, ఒకే బరువున్న వాటిలా కనిపిస్తాయి. ఆచరణలో మాత్రం వాటి మధ్య దూరం చాలా ఎక్కువ.

తప్పనిసరి నిబంధన కేవలం డీఆర్‌ఎస్‌కు చేసే సూచన కాదు. ఆ గ్రూపులోని సర్వర్లన్నీ పడిపోతే, పక్కన ఎన్ని సర్వర్లు ఖాళీగా ఉన్నా హెచ్ఏ (సర్వర్ పోయినప్పుడు దాని మెషీన్లను వేరే సర్వర్ మీద లేపే సదుపాయం) ఆ మెషీన్లను వాటి మీద తిరిగి ప్రారంభించదు. ప్యాచ్‌లు వేయడానికి సర్వర్‌ను మెయింటెనెన్స్ మోడ్‌లోకి పంపితే, నిబంధనను ఉల్లంఘించకుండా తరలించే చోటు దొరకని మెషీన్ అక్కడే ఉండిపోతుంది, దానితో పాటు మన పనీ ఆగిపోతుంది. డీఆర్‌ఎస్‌ను ఆపేసినా కూడా అంతకుముందు పెట్టిన తప్పనిసరి నిబంధన అమల్లోనే ఉంటుంది. దాన్ని తొలగించాలంటే మళ్లీ డీఆర్‌ఎస్‌ను ప్రారంభించాలి. ఇంత లోతుగా పాతుకునే ఎంపికను నొక్కేటప్పుడు, సర్వర్లు పోతే ఈ మెషీన్లు లేవవు అన్న ఒక్క స్పష్టమైన హెచ్చరికైనా తెర మీద కనిపించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

కఠినమైన ఈ నిబంధనను సమర్థించే కారణంగా ఎక్కువమంది చెప్పేది లైసెన్స్. ప్రాసెసర్ కోర్ల లెక్కన అమ్మే సాఫ్ట్‌వేర్‌ను కొన్ని సర్వర్లకే పరిమితం చేయాలన్నప్పుడు ఇది సరైన సాధనమే. అయితే ఒరాకిల్ సంస్థ తన విభజన విధానంలో వీఎంవేర్‌ను హార్డ్ పార్టిషనింగ్‌గా, అంటే లైసెన్స్ లెక్కను కొన్ని ప్రాసెసర్లకే పరిమితం చేసే విభజనగా గుర్తించదు కాబట్టి, ఈ నిబంధన ఒక్కటి చూపి ఆ సంస్థ ఆడిట్‌లో గట్టెక్కుతామనుకోవడం పొరపాటు. సాంకేతికంగా మెషీన్ ఎక్కడ నడుస్తుందన్నది ఒకటి, ఒప్పందం ఏమంటుందన్నది మరొకటి.

వీలైనంతవరకు అనే మెత్తని నిబంధన విలువ రెండు ప్రాంతాల మధ్య పరచిన స్ట్రెచ్డ్ క్లస్టర్‌లో బాగా తెలుస్తుంది. మెషీన్ తన డేటా దగ్గరున్న ప్రాంతంలోనే నడిస్తే, చదవడం, రాయడం కోసం రెండు ప్రాంతాల మధ్య లింకు మీద ఆధారపడడం తగ్గుతుంది. అందుకోసం ప్రాంతానికొక గ్రూపు చేసి మెత్తని నిబంధన పెడితే మామూలు రోజుల్లో అంతా క్రమంగా ఉంటుంది. ఒక ప్రాంతం మొత్తం పోయినా హెచ్ఏ ఆ మెషీన్లను రెండో ప్రాంతంలో లేపుతుంది. పోయిన ప్రాంతం తిరిగి వచ్చాక డీఆర్‌ఎస్ వాటిని తానే వెనక్కి పంపుతుంది. అయితే వీశాన్ (సర్వర్లలోని డిస్కులనే కలిపి ఉమ్మడి నిల్వగా మార్చే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) వాడేవారు రెండు ప్రాంతాల డేటా మళ్లీ పూర్తిగా సమం అయ్యేవరకు డీఆర్‌ఎస్‌ను పాక్షిక ఆటోమేషన్‌లో, అంటే నడుస్తున్న మెషీన్ల తరలింపును సూచించడమే తప్ప తానే చేయని స్థితిలో, ఉంచడం మంచిది. లేకుంటే డేటా ఇంకా చేరని చోటికి మెషీన్ ముందే చేరి, ప్రతి రీడ్‌కూ అవతలి ప్రాంతం వైపు చూడవలసి వస్తుంది.

నిర్వహణ విషయానికి వస్తే నాకు సంతృప్తి లేదు. కొత్త మెషీన్‌ను గ్రూపులో చేర్చడం చేతిపనిగానే మిగిలింది. సర్వర్‌ను క్లస్టర్ నుంచి తీసి మళ్లీ చేర్చితే అది పాత గ్రూపులోకి దానంతటది తిరిగి రాదు, మెషీన్లకూ అంతే. హార్డ్‌వేర్ మార్చిన ప్రతిసారీ గ్రూపులను సరిచూసే స్క్రిప్ట్ ఒకటి ఉండి తీరాలి. మెషీన్ నిబంధనను ఉల్లంఘిస్తున్నప్పుడు మోగే అలారాన్ని ఏర్పాటు చేసుకునే వీలుంది గానీ, దాన్ని మనమే సృష్టించుకోవాలి. ట్యాగుల (మెషీన్లకు, సర్వర్లకు తగిలించే గుర్తుల) ఆధారంగా నడిచే విధానాలను ఇదే సంస్థ అమెజాన్ క్లౌడ్ మీది తన సేవలో ఇచ్చింది. సొంత డేటా సెంటర్ నడుపుకునేవారికి కూడా ఆ పద్ధతే ఎంతో మేలు.

లోడు సర్దడంలో మాత్రం 2020లో వచ్చిన వీస్పియర్ 7 నిజమైన మెరుగుదల. అంతవరకు అయిదు నిమిషాలకోసారి క్లస్టర్ మొత్తం సమతూకాన్ని చూసిన డీఆర్‌ఎస్, అప్పటినుంచి నిమిషానికోసారి ఒక్కో మెషీన్‌కు కావలసిన వనరులు అందుతున్నాయా అని చూస్తోంది. డీఆర్‌ఎస్ ఎంత చిన్న లాభానికి మెషీన్లను తరలించాలో నిర్ణయించే మీటను నేను నడిమి స్థాయిలోనే, అంటే మూడు మీదే ఉంచుతాను.

చివరిగా ధర. వీస్పియర్ స్టాండర్డ్ కొన్నవారికి డీఆర్‌ఎస్ రాదు. బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో వీఎంవేర్‌ను సొంతం చేసుకుని, మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని ఆపేశాక, ఈ సాధనం ఏటేటా చెల్లించవలసిన చందాలో భాగమైపోయింది. నాలుగైదు సర్వర్లున్న చిన్న సంస్థకు, విడదీసే నిబంధనలు రెండు మూడు మాత్రమే కావాలంటే, ఇంత ఖర్చు అవసరమని నేను చెప్పలేను. ప్రాక్స్‌మాక్స్ అనే మరో వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ 2025లో తన తొమ్మిదో వెర్షన్‌లో మెషీన్లను కలిపి ఉంచే, విడదీసే, ఫలానా సర్వర్లకు కట్టే నిబంధనలను చేర్చింది. ఓపెన్‌స్టాక్ అనే క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో మెషీన్లను నడిపే భాగమైన నోవాలోనూ సర్వర్ గ్రూపుల ద్వారా కఠిన, మెత్తని నిబంధనలు రెండూ ఉన్నాయి, కాకపోతే దాని షెడ్యూలర్ మెషీన్‌ను ఒక చోట పెట్టేటప్పుడే ఆలోచిస్తుంది, నడుస్తున్న వాటిని లోడును బట్టి తనంతట తాను కదపదు. వందల మెషీన్ల లోడు గంటగంటకూ మారే చోట ఆ తేడాకే డబ్బు చెల్లిస్తున్నాము, అక్కడ డీఆర్‌ఎస్‌ను వదులుకోమని నేను సలహా ఇవ్వను.