ల్యాండ్‌లైన్ ఉంచుకోవాలా, ఫైబర్ ఫోన్‌కి మారాలా?

"ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ ఫోన్ పెట్టించమంటారా?" ఈమధ్య ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మొన్న వేసవిలో అనకాపల్లిలో మా అమ్మ ఇంటికి ఆ మార్పు నేనే చేయించాను కాబట్టి, తెలిసినంత చెబుతాను.

ఖర్చులోనూ మాట స్పష్టతలోనూ ఫైబర్‌దే పైచేయి. నెట్ ప్లాన్‌లోనే కాల్స్ కలిసి వస్తున్నాయి. వానాకాలంలో జాయింట్లలోకి నీళ్లు దిగి లైనులో వచ్చే గరగర ఉండదు. దగ్గర్లో పిడుగు పడితే రాగి తీగ వెంట ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఫైబర్‌తో రాదు, అది గాజు తీగ కాబట్టి.

తేల్చుకోవలసింది వేరే ఉంది. కరెంటు పోతే ఆ ఫోన్ మోగుతుందా?

పాత ల్యాండ్‌లైన్‌కి మన ఇంటి కరెంటుతో పని లేదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి సుమారు 48 వోల్టులు ఆ రాగి తీగలోనే వస్తాయి. కార్డ్‌లెస్ కాకుండా మామూలు ఫోన్ పెట్టుకుంటే, వీధంతా చీకటైనా డయల్ టోన్ వినిపిస్తుంది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు. దాన్ని మాటగా మార్చే పెట్టె మన గోడ ప్లగ్‌లో ఉంటుంది. ప్లగ్‌లో కరెంటు లేకపోతే ఫోనూ లేదు.

ఇన్వర్టర్ ఉంది కదా అని నేను ధీమాగా ఉన్నాను. రెండో వారంలో గాలివానకి కరెంటు పోయింది. ఎన్నిసార్లు చేసినా అమ్మ ఎత్తదు. ఆవిడకి సెల్ అలవాటు లేదు. చివరికి పక్కింటి పిన్నిగారికి చేసి, వెళ్లి చూడమన్నాను. అమ్మ హాల్లో ఫ్యాను కింద కూర్చునే ఉంది. ఇన్వర్టర్ లైన్ ఫ్యాన్లకి, లైట్లకి ఉంది గానీ టీవీ పక్కన ప్లగ్‌కి లేదు! ఆ అరగంట టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

మర్నాడే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఆ ప్లగ్‌కి ఇన్వర్టర్ లైన్ లాగించాం. ఇన్వర్టర్ లేని ఇంట్లో రౌటర్లకి అమ్మే మినీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. కొనేముందు అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ఉందో చూసి దానికి సరిపోయేదే తీసుకోండి.

అపార్ట్‌మెంట్లలో ఇంకో చిక్కుంది. కొన్నిచోట్ల ఫైబర్ మెట్ల కింద పెట్టెదాకానే వస్తుంది. అక్కడి నుంచి ఫ్లాట్లకి లాన్ కేబుల్ వేస్తారు. ఆ పెట్టెకి బ్యాకప్ లేకపోతే మీ ఇంట్లో ఎంత పెద్ద యూపీఎస్ ఉన్నా ఉపయోగం లేదు. అందుకని ఫైబర్ ఇంట్లోకే వస్తుందా అని ఆపరేటర్‌ని ముందే అడగండి.

నంబరు సంగతి కూడా చూసుకోవాలి. మొబైల్‌కి ఉన్నట్టు ల్యాండ్‌లైన్‌కి కంపెనీ మారే పోర్టింగ్ మన దగ్గర లేదు. బీఎస్ఎన్ఎల్ రాగి లైను నుంచి బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌కే మారేవాళ్లు పాత నంబరు ఉంచమని అప్లికేషన్‌లోనే రాయండి. మా చుట్టాలందరి డైరీల్లో ఉన్న నంబరు అలాగే నిలిచింది.

సిమ్ వేసే టేబుల్ ఫోన్, ఇంట్లో సిగ్నల్ బాగుంటే చాలు, పనికొస్తుంది. వాట్సాప్ కాల్ మాత్రం దీనికి బదులు కాదు. దాంట్లో 108కి చేయలేం.

మీ వీధిలో రాగి లైను ఇంకా శుభ్రంగా పనిచేస్తూ, పిలిస్తే లైన్‌మన్ వస్తుంటే తొందరపడి తీయించకండి. లైను నెలకోసారి మూగబోతుంటే మాత్రం ఫైబర్‌కి మారండి, బ్యాకప్‌తో సహా. పెట్టించిన రోజే, కుర్రాడు ఇంట్లో ఉండగానే, మెయిన్ స్విచ్ ఆపి మీ సెల్ నుంచి ఆ నంబరుకి చేయండి. ఫోన్ మోగాకే అతన్ని పంపించండి.