రోమన్ సైనికుడి సామగ్రి, నేటి సైనికుడి సామగ్రి: రెండూ మోసి చూశాక

రోమన్ సైనికుడు ఈ కాలంలో ఉంటే ఏమి ధరించేవాడని అడిగితే చాలామంది వెంటనే తుపాకీ, తూటాలను తట్టుకునే కెవ్లార్ చొక్కా, డ్రోన్ అంటారు. ఆ జవాబు నాకు తృప్తినివ్వదు. లీజియన్ (రోమన్ సైన్యపు పెద్ద దళం) సైనికుడు కత్తి దూసిన రోజులకన్నా నడిచిన రోజులు, కందకాలు తవ్విన రోజులు ఎన్నో రెట్లు ఎక్కువ. అతన్ని ఈ కాలానికి తేవాలంటే ముందు చూడవలసింది అతని ఆయుధాన్ని కాదు, భుజాల మీది బరువును.

నేను ఉత్తర ఇంగ్లండ్‌లో ఉంటాను. రోమన్ సైనిక జీవితాన్ని ప్రదర్శించి చూపే ఒక బృందంలో కొన్నేళ్లుగా పాల్గొంటున్నాను. క్రీ.శ. మొదటి శతాబ్దపు లీజియన్ సైనికుడి నమూనా సామగ్రి అంతా నా దగ్గర ఉంది. దానికి జోడీగా ఈనాటి పదాతి సైనికుడి సామగ్రినీ సమకూర్చుకున్నాను: తూటాలను ఆపే పలకలు దూర్చుకునే చొక్కా, హెల్మెట్, బూట్లు, నడుముకు బిగించుకునే పెద్ద సంచి. పలకలు మాత్రం అసలు వాటంత బరువున్న శిక్షణ పలకలు. క్రీ.శ. 122లో రోమన్లు మొదలుపెట్టిన సరిహద్దు గోడ, హేడ్రియన్ గోడ వెంబడి, స్టీల్ రిగ్ నుంచి హౌస్‌స్టెడ్స్ దాకా ఉన్న రాతి గుట్టల మీద ఈ రెండు జతలనూ ఎండలోనూ వానలోనూ మోస్తూ వచ్చాను. నా అభిప్రాయాలన్నీ ఆ నడకల్లో ఏర్పడినవే.

ముందు కవచం. రోమన్ అనగానే అందరికీ గుర్తొచ్చే ఇనుప పట్టీల కవచానికి మంచి ఆధారం 1964లో ఆ గోడ దగ్గరే, కార్‌బ్రిడ్జ్ తవ్వకాల్లో ఒక చెక్క పెట్టెలో దొరికింది. నా కవచం ఆ నమూనాలోనిదే, బరువు సుమారు 9 కిలోలు. వంగినా, చెయ్యి ఎత్తినా పట్టీలు ఒకదానిమీద ఒకటి జారుతూ కదలికకు దారి ఇస్తాయి. అలా పనిచేసే ఇనుమును ధరించడం ఇప్పటికీ నాకు ఆనందమే. కానీ దీర్ఘకాల వాడకంలో దాని బలహీనత బయటపడింది. ఇనుముకు ఏమీ కాలేదు. ఇత్తడి కీళ్లు విరిగాయి, చిన్న బకిళ్లు ఊడాయి, లోపలి తోలు పట్టీలు సాగిపోయాయి. ఆనాటి సైనికులకూ ఇదే బాధ ఉండి ఉండాలి. జేమ్స్ కర్ల్ 1905 నుంచి 1910 వరకు స్కాట్లాండ్‌లోని న్యూస్టెడ్‌లో జరిపిన తవ్వకాల్లో బయటపడిన తరువాతి కాలపు కవచంలో ఆ సున్నితమైన కీళ్లు లేవు. వాటి స్థానంలో మామూలు రివెట్లు, మోటు కొక్కేలు ఉన్నాయి.

అసలు ఇబ్బంది మరొకటి. ఈ కవచం బరువంతా భుజాల మీదే కూర్చుంటుంది. లోపల మందపాటి మెత్తని చొక్కా లేకుండా గంటసేపు నడవడం కూడా కష్టం. ఇనుప ఉంగరాలు అల్లిన గొలుసు కవచం దీనికన్నా బరువైనదే అయినా, నడుముకు బెల్టు గట్టిగా బిగించి కవచాన్ని కాస్త పైకి లాగి వదిలితే సగానికి సగం బరువు తుంటి మీదికి దిగినట్టుంటుంది. చాలా దూరం నడవాలంటే నేను గొలుసు కవచమే ఎంచుకుంటాను. పట్టీల కవచం రాకముందూ, అది మాయమయ్యాక కూడా రోమన్లు గొలుసు కవచాన్ని వదలకపోవడం నాకు సబబుగానే తోస్తుంది. బ్రిటిష్ సైన్యం ప్రవేశపెట్టిన వర్టస్ కవచంలోనూ వీపు వెంట ఒక పట్టీ పెట్టి బరువును భుజాల నుంచి నడుము బెల్టుకు దించారు. రెండు వేల ఏళ్ల తరువాత కూడా శరీరం అడిగేది అదే.

ఇక పలకల చొక్కా. పలక ఒక్కొక్కటి దాదాపు రెండున్నర కిలోలు. గుండె, ఊపిరితిత్తుల మీద మాత్రమే ఉంటుంది. భుజాలు పూర్తిగా బయటే. రోమన్ కవచంలో అన్నిటికన్నా గట్టి భాగం భుజాలే, ఎందుకంటే అప్పుడు దెబ్బ పైనుంచి పడేది. ఇప్పుడు తూటా ఎదురుగా వస్తుంది. రైఫిల్ తూటాను నా ఇనుప పట్టీలు ఆపలేవు, సెరామిక్ పలక ఆపుతుంది. ఆ విషయంలో పోటీయే లేదు.

శిరస్త్రాణం దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. రోమన్ హెల్మెట్‌కు మెడ వెనుక వెడల్పాటి రేకు, చెంపలకు రెండు రేకులు, నుదుటి మీద అడ్డపట్టీ ఉంటాయి. చెవులు తెరిచే ఉంటాయి కాబట్టి ఆజ్ఞలు బాగా వినిపిస్తాయి. నిలబడి ఉన్నంతసేపూ ఇంత మంచి హెల్మెట్ మరొకటి లేదనిపిస్తుంది. బోర్లా పడుకుంటే మాత్రం మెడ రేకు వీపు మీది కవచానికి తగిలి హెల్మెట్ కళ్ల మీదికి జారుతుంది. రెండు కాలాల మధ్య తేడా అంతా అక్కడే ఉంది. రోమన్ సైనికుడు పక్కవాడి డాలుకు ఆనుకుని నిలబడి పోరాడాడు. నేటి సైనికుడు నేలకు అంటుకుని ప్రాణం కాపాడుకుంటాడు. అందుకే ఈనాటి హెల్మెట్ మెడను వదిలేసింది, డాలు కనుమరుగైంది.

నా దృష్టిలో డాలు పూర్తిగా పోలేదు. సిరియాలోని దురా యూరోపోస్‌లో దొరికి ఇప్పుడు యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న రోమన్ డాలును పలుచని చెక్క పట్టీలను పొరలు పొరలుగా అతికించి, వంపు తిప్పి చేశారు. అల్లర్లను అదుపు చేసే పోలీసులు పట్టుకునే పొడవాటి ప్లాస్టిక్ డాలుకూ అదే వంపు. ఎదుటివాడి దగ్గర తుపాకీ లేకపోతే అలాంటి డాళ్ల వరుస ఈ రోజుకీ పనిచేస్తుంది. గుట్ట మీద ఎదురుగాలిలో రోమన్ డాలును మోయడం మాత్రం నరకం.

చెప్పుల గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. అడుగున ఇనుప మేకులు కొట్టిన ‘కాలిగా’ అనే రోమన్ చెప్పులు బురదలో, గడ్డిలో, నిట్టనిలువు వాలులో పట్టు వదలవు. నీళ్లలో దిగితే నీళ్లు అప్పుడే బయటికి పోతాయి. నున్నని రాతి పలకల మీద మాత్రం ప్రమాదమే. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయంలో ఒంటరిగా శత్రువులను తరిమిన జూలియానస్ అనే సెంచూరియన్ (సుమారు వందమంది దళాధిపతి), మేకుల చెప్పులు రాతి నేల మీద జారి పడిపోయి ప్రాణాలు కోల్పోయాడని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ప్రతి రాతి గచ్చు మీదా నాకు అతను గుర్తొస్తాడు. మేకులు త్వరగా అరుగుతాయి కూడా. ఓస్టియా, పుటియోలి రేవుల నుంచి రోముకు నడిచివచ్చే నావికా దళం వారు చెప్పుల ఖర్చు అడిగితే, ఇకపై వట్టి కాళ్లతో పరుగెత్తమని వెస్పేసియన్ చక్రవర్తి ఆజ్ఞాపించాడట. తారు రోడ్డు మీద మేకులు పోగొట్టుకున్న నాకు ఆ సైనికుల అభ్యర్థన న్యాయంగానే కనిపిస్తుంది.

నీరు దూరని పొర ఉన్న ఆధునిక బూట్లు మొదట్లో హాయిగా ఉంటాయి. కానీ వాగు దాటేటప్పుడు పైనుంచి నీళ్లు చేరాయంటే రాత్రంతా ఆరవు. తోలు చెప్పుల్లో ఉన్ని మేజోళ్లతో నడిస్తే తడుస్తాం, అయినా కాళ్లు వెచ్చగానే ఉంటాయి. ఇదే గోడ ప్రాంతంలోని విండొలాండా రోమన్ కోటలో దొరికిన చెక్క పలక ఉత్తరంలో ఎవరో ఒక సైనికుడికి మేజోళ్లు, చెప్పులు, లోదుస్తులు పంపినట్టు ఉంది. ఆ ఉత్తరం విలువ ఇక్కడి చలికాలంలో నడిస్తేనే తెలుస్తుంది. నా ఆధునిక లీజియన్ సైనికుడికి రబ్బరు అడుగు, పక్కన నీరు పోయే రంధ్రాలు ఉన్న బూట్లు ఇస్తాను. వియత్నాంలో అమెరికన్ సైన్యం వాడిన అడవి బూట్లకు అలాంటి రంధ్రాలే ఉండేవి.

రోమన్ సైనికుడు కప్పుకునే ఉన్ని దుప్పటి విషయంలో మొహమాటం లేదు. వానలో అది తడిసి బరువెక్కుతుంది. ఆధునిక వాన కోటే మేలు.

మూట సంగతి వేరు. రోములోని ట్రాజన్ స్తంభం మీద చెక్కినట్టు, కర్రకు కట్టి భుజాన వేసుకునే మూట అది. మన కావడిలో ఒకవైపు తీసేసినట్టుంటుంది, అందుకే భుజం త్వరగా నొప్పి పుడుతుంది. నడుము బెల్టు సంచి ఎంతో సుఖం. రంపం, బుట్ట, గునపం, గొడ్డలి, తోలు పట్టీ, కొడవలి, గొలుసు, మూడు రోజుల తిండి మోస్తూ రోమన్ సైనికుడు కంచరగాడిదకు ఏమీ తీసిపోడని జోసీఫస్ అన్నాడు. ఆయుధాలు కాక 60 రోమన్ పౌండ్లు, అంటే సుమారు 20 కిలోలతో సాధన చేయించాలని, వేసవిలో ఐదు గంటల్లో 20 రోమన్ మైళ్లు నడిపించాలని తరువాతి కాలపు రోమన్ రచయిత వెజీషియస్ రాశాడు. ఆ దూరం దాదాపు 30 కిలోమీటర్లు. 2003లో అఫ్ఘానిస్తాన్‌లో తూచి చూస్తే అమెరికన్ పదాతి సైనికుడు నడకలో మోసిన మొత్తం బరువు సగటున 45 కిలోల దాకా తేలింది. నైలాన్ వచ్చింది, ప్లాస్టిక్ వచ్చింది. మిగిలిన చోటును బ్యాటరీలు, రేడియో, నీళ్లు, తూటాలు నింపేశాయి.

మార్చకూడని వస్తువు ఒకటుంది: డొలాబ్రా. ఒకవైపు గొడ్డలి, మరోవైపు గునపం మొన. నా మడత పార మరచుట్టు దగ్గర వదులైపోయింది. డొలాబ్రాకు పిడి మార్చాను, అంతే. ఎంతటి రాతినేలలోనైనా దిగుతుంది. రోజంతా నడిచి వచ్చి కందకం తవ్వుకునే సైన్యానికి తుపాకీకన్నా ముందు ఇది ఇవ్వాలి.

కొనాలనుకునేవారికి రెండు మాటలు. కవచం కొలతలు లోపలి మెత్తని చొక్కా తొడుక్కుని తీసుకోండి. డబ్బు ఒక్కదానికే ఉంటే పట్టీల కవచం కాకుండా రివెట్లు కొట్టిన గొలుసు కవచం, దానికి మంచి బెల్టు కొనండి. రివెట్లు లేకుండా ఊరికే మూసిన ఉంగరాలు చౌకే కానీ నడుము దగ్గర తెరుచుకుంటాయి. చెప్పులతోపాటు అదనపు ఇనుప మేకులు తప్పకుండా తెప్పించుకోండి.