పుస్తకం డీటీపీకి ఇస్తున్నారా? ముందు రెండు లైన్లు చేర్పించి చూడండి

చెన్నైలో తెలుగు సావనీరో, పుస్తకమో డీటీపీకి ఇవ్వబోతున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. షాపు పేరు రాయను. ట్రిప్లికేన్‌లో మంచి పనివాళ్లూ ఉన్నారు, నాకు తగిలినవాడు మాత్రం కాదు.

మా మామగారి సహస్ర చంద్ర దర్శనానికి ఆయన పద్యాలు, వ్యాసాలు కలిపి 64 పేజీల పుస్తకం వేద్దామనుకున్నాం. ఏ4 సైజు, పేజీకి రెండు కాలమ్‌లు. పేజీకి 90 రూపాయల లెక్కన మాట్లాడుకుని సగం అడ్వాన్సు ఇచ్చాను. ఆపరేటర్‌కి తెలుగు చదవడం రాదు. వావిళ్ళవారు తెలుగు పుస్తకాలు అచ్చేసిన ఊళ్లో ఇదీ మన గతి. సరే, మ్యాటర్ మేమే టైపు చేసి ఇచ్చాం, అతను పేజీలు కట్టడమే. మొదటి ప్రూఫ్ చూసి మురిసిపోయాం.

పేచీ రెండో ప్రూఫ్‌లో వచ్చింది. 9వ పేజీలో మామగారు ఒక వాక్యం చేర్చమన్నారు. రెండు లైన్లు పెరిగాయి, అంతే. అక్కడి నుంచి చివరిదాకా పుస్తకమంతా జారిపోయింది. శీర్షిక ఎడమ కాలమ్ అడుగున, వ్యాసం కుడి కాలమ్ పైన. కాలమ్ నడుమ నాలుగు వేళ్ల ఖాళీ. ఒక ఆటవెలదికి మూడు పాదాలు ఇటు, నాలుగో పాదం పేజీ తిప్పితే! మొత్తం 67 పేజీలైంది. ప్రెస్సులో ఒక పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్టను ఫారం అంటారు. ఫారానికి 16 పేజీల చొప్పున 64 సరిగ్గా నాలుగు ఫారాలు. ఇప్పుడు ఆ మూడు పేజీల కోసం ఇంకో సెట్టు అచ్చు ప్లేట్లు. అడిగితే, "కరెక్షన్ పెడితే అంతే మేడం, మళ్లీ సెట్ చెయ్యాలి, పేజీకి 30" అన్నాడు.

గొడవపడి ఓపెన్ ఫైలు, అంటే మార్పులు చేసుకోగలిగే అసలు ఫైలు, తెచ్చుకున్నాను. మా మరిది దాన్ని ఇన్‌డిజైన్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి కంట్రోల్, ఆల్ట్, ఐ కలిపి నొక్కాడు. దాగున్న గుర్తులన్నీ బయటపడ్డాయి. ప్రతి శీర్షిక ముందూ ఎంటర్ గుర్తులు చీమల బారులా ఉన్నాయి. శీర్షికను పక్క కాలమ్‌లోకి తోయడానికి ఎంటర్ కొట్టుకుంటూ పోయాడన్నమాట. పైన రెండు లైన్లు పెరిగితే ఆ ఖాళీలూ కిందికి జరుగుతాయి కదా!

దీనికి పేరా సెట్టింగుల్లో కీప్ ఆప్షన్స్ అని ఉంటుంది. శీర్షికకు 'కీప్ విత్ నెక్స్ట్' పెడితే కింది పేరాను వదలదు. పద్యానికి 'కీప్ లైన్స్ టుగెదర్'లో అన్ని లైన్లూ ఎంచుకుంటే చీలదు. కానీ పాదాల మధ్య షిఫ్ట్, ఎంటర్ కలిపి కొట్టి ఉండాలి, ఉత్త ఎంటర్ కొడితే ఒక్కో పాదం ఒక్కో పేరా అయిపోతుంది. వచనానికి మొదట రెండు, చివర రెండు లైన్లు కలిపి ఉంచితే చాలు. దానికీ అన్ని లైన్లూ పెడితే కాలమ్‌ల అడుగున గుంటలు పడతాయి. కొత్త వ్యాసం పక్క కాలమ్‌లో మొదలవ్వాలంటే 'స్టార్ట్ పేరాగ్రాఫ్' దగ్గర 'ఇన్ నెక్స్ట్ కాలమ్'. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0లోనూ ఇలాంటి సదుపాయాలున్నాయి, కాబట్టి "పాత సాఫ్ట్‌వేర్ మేడం" అనే సాకు నమ్మకండి.

అడ్వాన్సు ఇచ్చేముందు రెండు పేజీల శాంపిల్ కట్టించి, మీ ఎదురుగానే మొదటి పేజీలో రెండు లైన్లు చేర్చమనండి. శీర్షిక తన వ్యాసంతోపాటు కదిలిందా, సరే. అతని చెయ్యి ఎంటర్ మీదికి పోయిందా, లేచి వచ్చేయండి. ఓపెన్ ఫైలు ఇస్తానని బిల్లు మీదే రాయించుకోండి. పీడీఎఫ్ ఒక్కటే చేతిలో ఉంటే అక్షరం మార్చాలన్నా మళ్లీ అతని గుమ్మమే ఎక్కాలి.

మా మరిది రెండు రాత్రులు కూర్చుని సరిచేశాడు, 64కే సర్దుకుంది. మిగతా సగం డబ్బుల కోసం షాపువాడు ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.