ఆర్డర్ ఆఫ్ ద స్టిక్ రివ్యూ: పుల్లబొమ్మలే కదా అని తీసిపారేయకండి

ముందే చెప్తున్నా, ఇందులో స్పాయిలర్లు ఉన్నాయి. బెల్కర్ అనే పాత్ర గురించీ, వార్సూవియస్ అనే ఇంకో పాత్ర చేసిన ఘోరం గురించీ ఎత్తకుండా ఈ వెబ్ కామిక్ మీద రివ్యూ రాయడం నావల్ల కాదు. ఏమీ తెలియకుండా మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగి సరాసరి మొదటి పేజీకి వెళ్ళిపోండి. రచయిత సొంత సైట్‌లోనే ఉంది, ఫ్రీ.

రిచ్ బర్లూ దీన్ని 2003 సెప్టెంబర్‌లో మొదలుపెట్టాడు. గుండ్రటి తలలు, గీతల్లాంటి చేతులు కాళ్ళు, అంతే బొమ్మలు. అదే ఏడాది జులైలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్‌కి (నలుగురూ కూర్చుని పాచికలు వేస్తూ వీరులుగా, మాంత్రికులుగా ఆడే ఆట) 3.5 ఎడిషన్ రూల్స్ వచ్చాయి, కామిక్ తొలి జోకు కూడా దాని మీదే: పాత్రలన్నీ ఉన్నట్టుండి పాత రూల్స్‌లోంచి కొత్త రూల్స్‌లోకి మారిపోతాయి, ఆ సంగతి వాళ్ళకీ తెలిసిపోతుంది. వాళ్ళు బతికే లోకం ఆ గేమ్ రూల్స్ మీదే నడుస్తుందని వాళ్ళకి బాగా తెలుసు. కత్తి తగిలితే ఎన్ని పాయింట్లు పోతాయో, ఏ లెవెల్‌కి ఏ మంత్రం వస్తుందో మామూలు కబుర్లలాగే మాట్లాడుకుంటారు. మొదటి 120 ఎపిసోడ్లు దాదాపు ఇదే సరదా. గేమ్ ఎప్పుడూ ఆడనివాళ్ళకి అందులో కొన్ని జోకులు పేలవు, అది నిజం. అయినా ఓపిక పట్టండి.

ఎందుకంటే తర్వాత తర్వాత ఆ జోకులే మెడకు చుట్టుకుంటాయి. ఈ కామిక్‌లో నన్ను పట్టేసింది అదే. రూల్స్‌ని నవ్వుకోడానికి వాడుకున్నంత కాలం వాడుకుని, ఒక రోజు అదే రూల్‌తో గుండె పిండేస్తాడు. హీరోల బృందంలోని వార్సూవియస్ అనే మాంత్రిక ఎల్ఫ్ (మనిషిలాంటి ఓ కల్పిత జాతి) సంగతే చూడండి. తన కొడుకుని చంపినందుకు పగ తీర్చుకోడానికి ఓ నల్ల డ్రాగన్ తల్లి వస్తుంది, వార్సూవియస్ కుటుంబం మీద పడుతుంది. అప్పుడు శక్తి కోసం పిశాచాలతో ఒప్పందం చేసుకుని వార్సూవియస్ ఒక మంత్రం వేస్తుంది, దాంతో ఆ డ్రాగన్ రక్తసంబంధీకులంతా, వాళ్ళ బంధువులంతా ఎక్కడున్నవాళ్ళక్కడే కూలిపోతారు. చదివేటప్పుడు భయంకరంగా ఉంటుంది, కానీ డ్రాగన్లే కదా అని ముందుకెళ్ళిపోతాం. రెండొందల ఎపిసోడ్ల తర్వాత, బయటి లెక్కలో దాదాపు మూడేళ్ళకి, హీరోల బృందం ఎడారిలో ఒక గేటుని (లోకాన్ని మింగేసే స్నార్ల్ అనే భూతం బయటపడకుండా మూసి ఉంచే మాయద్వారం) కాపలా కాసే కుటుంబాన్ని వెతుక్కుంటూ వెళ్తే అక్కడ అందరూ శవాలై ఉంటారు. ఆ వంశంలో డ్రాగన్ రక్తం ఉంది. కారణం తెలిసిన క్షణంలో వార్సూవియస్ మొహం, రెండు చుక్కలూ ఒక గీతా అయిన ఆ మొహం, ఎంత మాట్లాడుతుందో చూసి తీరాలి. ఇంత దూరం ఆలోచించి రాసే ఓపిక చాలా పెద్ద పెద్ద ఫాంటసీ నవలల్లో కూడా నాకు కనిపించలేదు.

ఇక అభిమానుల గొడవ. కొత్త పేజీ పడిందంటే చాలు, ఒక్కో ప్యానెల్‌నీ ఆరా తీస్తారు. ఎవడి మంత్రం ఇవాళ్టికి అయిపోయింది, ఇంకా ఎన్ని మిగిలాయి, ఫలానా తలుపు వెనక ఏముంది, విలన్ ఈ మాట ఎందుకన్నాడు. రూల్ బుక్ తీసి లెక్కలు కట్టేవాళ్ళు కొందరు, అసలు రచయిత రూల్స్‌కి కట్టుబడాల్సిన పనేముంది అనేవాళ్ళు కొందరు. నేను రెండో బ్యాచ్, కానీ మొదటి బ్యాచ్ మాటలు చదవడం నాకు మహా సరదా.

అన్నిటికన్నా పాత పంచాయితీ బెల్కర్ది. హాఫ్‌లింగ్ అనే పొట్టి జాతివాడు, హీరోల బృందంలోనే ఉన్న దుర్మార్గుడు, చంపడమంటే పండగ వాడికి. ఏడాది తిరక్కుండా చచ్చిపోతాడని జోస్యం చెప్పేవాడు ఎప్పుడో చెప్పేశాడు. కథలో ఆ ఏడాది ఇంకా పూర్తికాలేదు, బయట మనకి పదిహేనేళ్ళు దాటిపోయింది! ఈలోపు వాడు ఓ పిల్లిని పెంచుకున్నాడు, తోటివాళ్ళ గురించి పట్టించుకోవడం నేర్చుకున్నాడు, మనకి వాడంటే ఇష్టం పుట్టించాడు. ఇదంతా వాడి చావు మనకి గట్టిగా తగలాలనే రచయిత చేస్తున్నాడని నా గట్టి నమ్మకం. జోస్యాన్ని ఏదో మాటల మెలికతో తప్పించేస్తాడని ఆశపడేవాళ్ళున్నారు. అలా చేస్తే నేను మాత్రం ఒప్పుకోను.

రెండో పంచాయితీ రెడ్‌క్లోక్. గోబ్లిన్ అనే రాక్షస జాతి పూజారి, విలన్ పక్షం. హీరోలకి లెవెల్ పెరగడానికి చంపే సరుకుగానే దేవుళ్ళు మా జాతిని పుట్టించారు అని అతని ఆరోపణ. గేమ్ ఆడినవాళ్ళందరికీ ఇది కాస్త గుచ్చుకుంటుంది, ఎందుకంటే అందరం గోబ్లిన్లని పాయింట్ల కోసమే చంపాం. అతని కోపం న్యాయమే, దారి ఘోరం. హీరోల బృందంలోని మరుగుజ్జు పూజారి డర్కన్ వెళ్ళి, స్నార్ల్‌ని ఆపాలంటే మీ దేవుడి శక్తి కూడా కావాలి, కలిసి పనిచేద్దాం అని అడిగినప్పుడు అతను వినడు. ఎందుకు వినలేదు, వింటే ఇన్నాళ్ళ తన త్యాగాలూ హత్యలూ ఏమైపోతాయి అన్న దాని మీద జనం ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. అసలు విలన్ జైకాన్ అనే అస్థిపంజరం మాంత్రికుడు సరదాగానే ఉంటాడు కానీ, నాకు కామిక్ మొత్తంలో రెడ్‌క్లోకే ఎక్కువ ఆసక్తి.

సరే, విసుగు పుట్టించేవి. కొత్త పేజీకి టైమ్‌టేబుల్ అంటూ ఏమీ లేదు. 2012లో రచయిత చేతికి పెద్ద గాయమై చాలాకాలం ఆగింది, అది ఎవరి చేతుల్లోనూ లేనిది. మామూలు రోజుల్లో కూడా ఎప్పుడొస్తుందో చెప్పలేం. చివరి పుస్తకంలో కథ ఒక కొండలోయలోని గుహల్లోకి చేరాక వేగం బాగా పడిపోయింది. ఒక పోరాటంలో ఒకే నిమిషం ఎన్నో ఎపిసోడ్ల పాటు సాగుతుంటే, విడివిడిగా ఎదురుచూసి చదివేవాడికి టీవీ సీరియల్ చూస్తున్నట్టే ఉంటుంది. అవే ఒకేసారి వరసపెట్టి చదివితే చకచకా పోతాయి, అదీ విచిత్రం. పైగా మాటల బుడగలు ఎక్కువ. ఫోన్లో జూమ్ చేసుకోకుండా చదవడం కష్టం, పెద్ద స్క్రీన్ మీదే చదవండి.

డబ్బు సంగతి కూడా కాస్త. 2012లో పాత పుస్తకాలు మళ్ళీ అచ్చు వేయడానికి జనం దగ్గర డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో 57,750 డాలర్లు అడిగితే పన్నెండున్నర లక్షల డాలర్లు పైనే వచ్చాయి. పుల్లబొమ్మలకి! ఫ్రీగా చదివినవాళ్ళే ఆ డబ్బు పెట్టారంటే ఆ అభిమానం ఎలాంటిదో ఊహించుకోండి.

నా సలహా అడిగితే, మొదటి పేజీ నుంచి వరసగా చదవండి, మధ్యలో దూకకండి, తాజా ఎపిసోడ్ విడిగా తెరిస్తే ముక్క అర్థం కాదు. రక్తపాతం బొమ్మల్లో తేలిగ్గా కనిపించినా చావులు నిజం చావులే, అందుకని చిన్న పిల్లలకి ఇవ్వను. రెడ్‌క్లోక్ నచ్చినవాళ్ళు మాత్రం 2007లో వచ్చిన స్టార్ట్ ఆఫ్ డార్క్‌నెస్ అనే ముందుకథ పుస్తకం కొనుక్కోవాల్సిందే, అది సైట్‌లో ఫ్రీగా లేదు. మెయిన్ కథ సగమైనా అయ్యాకే తెరవండి.