కిరండూల్ పాసింజర్: అరకులో దిగిపోకండి

విశాఖలో ఈ బండిని ఎవరూ దాని పేరుతో పిలవరు, అరకు రైలు అంటారు. టికెట్టు అరకుకే తీస్తారు, బొర్రాలోనో అరకులోనో దిగిపోతారు, సాయంత్రం కారో బస్సో పట్టుకుని ఘాట్ రోడ్డు మీద వచ్చేస్తారు. బోర్డు మీద మాత్రం కిరండూల్ అని ఉంటుంది, ఛత్తీస్‌గఢ్‌లోని ఊరు. దాదాపు 470 కిలోమీటర్ల దారిలో అరకు వచ్చేసరికి అయ్యేది పావు వంతు, ఇంకాస్త. మిగతా ముప్పావు దారీ ఖాళీ సీట్లతో పోతుంది. ఈ బండి అసలు విలువ అక్కడే ఉంది.

ముందు లైను సంగతి. ఇది మనుషుల కోసం వేసింది కాదు. బైలదిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకు దించి జపాన్‌కు పంపడానికి 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా పట్టాలు వేశారు. మొత్తం 58 సొరంగాలు. మీ ప్రయాణం ఎలా సాగుతుందన్నది ఈ పుట్టుకను బట్టే ఉంటుంది. ఖనిజం మోసే గూడ్సులు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. రెండో లైను పని అన్నిచోట్లా పూర్తి కాలేదు. ఒంటి లైను మీద ఎదురు బండి వస్తే పక్క లైనులో నిలబడేది చాలాసార్లు మన బండే. కారణం చెప్పేవాళ్ళుండరు, పది నిమిషాలో ముప్పావు గంటో ఆగి కదులుతుంది. టైం టేబుల్‌కి కనీసం గంట కలుపుకుని బయల్దేరినవాళ్ళకి ఈ బండి నచ్చుతుంది. దిగగానే ఇంకో బస్సు అందుకోవాలని లెక్క వేసుకున్నవాళ్ళకి నచ్చదు.

పొద్దున్న ఏడు లోపే విశాఖలో కదులుతుంది. అరకుకు సుమారు నాలుగు గంటలు, ఒడిశాలోని కోరాపుట్‌కు మధ్యాహ్నం, ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌కు సాయంత్రం. దంతెవాడ, కిరండూల్ వచ్చేసరికి చీకటి పడిపోతుంది.

ఎక్కడ కూర్చోవాలి? 2017లో వచ్చిన అద్దాల విస్టాడోమ్ పెట్టె గురించి అందరికీ తెలుసు. సీట్లు చుట్టూ తిరుగుతాయి, పైకప్పులో కూడా అద్దాలుంటాయి. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్తే అదే మేలు. కానీ అది అరకు ప్రయాణికుల కోసం పెట్టింది, పైగా దాని అద్దాలు తెరుచుకోవు. ముందుకు పోయేవాళ్ళు స్లీపర్‌లో కిటికీ సీటు తీసుకోవాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల టికెట్లు ఆగవు, మంగళ బుధవారాల్లో తేలిగ్గా దొరుకుతాయి. ఒక మాట ముందే తెలిసి ఉండాలి: అరకు దాకా స్లీపర్‌లోనూ నిలబడే జనం ఉంటారు. సీటు మీదే అయినా సర్దుకోక తప్పదు. అరకులో ఒక్కసారిగా పెట్టె ఖాళీ అవుతుంది, అక్కణ్ణుంచి కిటికీ మీ సొంతం.

ఘాట్ బొడ్డవర దగ్గర మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, ఆ తర్వాత శిమిలిగుడ. బొడ్డవర దాటాక ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, టికెట్టు ముందే ఫోటో తీసి పెట్టుకోండి. సొరంగం వచ్చే ముందు ఇంజను కూత వినిపిస్తుంది. లోపలికి పోగానే చక్రాల చప్పుడు మారిపోతుంది. తెరిచిన కిటికీలోంచి తడిరాతి వాసనతో చెమ్మగాలి మొహానికి కొడుతుంది, వానాకాలమైతే గోడల మీంచి కారే నీటి తుంపర చేతి మీద పడుతుంది. కొన్ని సొరంగాలు పది లెక్కపెట్టేలోపు అయిపోతాయి, కొన్ని పిల్లలు అరిచి అరిచి అలిసిపోయేదాకా ఉంటాయి. బయటికి వచ్చిన ప్రతిసారీ లోయ ఇంకాస్త కిందికి దిగి కనిపిస్తుంది. ఈ ఒక్క ముక్కకే టికెట్టు డబ్బు గిట్టుబాటు. చెయ్యీ తలా కిటికీ బయట పెట్టొద్దు, సొరంగం గోడ మీరనుకున్న దానికంటే దగ్గరగా ఉంటుంది.

శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది. ఒకప్పుడు దేశంలో ఇంత ఎత్తున బ్రాడ్‌గేజ్ స్టేషన్ ఇంకొకటి లేదు, కశ్మీర్ లైను వచ్చాక ఆ పేరు పోయింది. ఇక్కడ ఒక తికమక ఉంది. ఒడిశాలో సునాబెడ పక్కన సెమిలిగుడ అనే ఊరుంది. దేవమాలి కొండకు (1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది) వెళ్ళేవాళ్ళు దిగవలసిన ఊరు అది, ఈ స్టేషన్ కాదు. పేర్లు ఒకేలా వినబడతాయి కదా అని ఇక్కడ దిగితే అడవిలో ఒంటరి ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతారు. దేవమాలికి కోరాపుట్‌లో దిగి రోడ్డున వెనక్కి రావాలి.

అరకు తర్వాత గోరాపూర్, దార్లిపుట్, పాడువా. ఇక్కడ కొండలు దూరం జరిగి ఎర్రనేల పీఠభూమి తెరుచుకుంటుంది. నవంబరు, డిసెంబరుల్లో పట్టాల పక్కనే వలిసె (నూనెగింజల పంట) చేలు పసుప్పచ్చగా ఉంటాయి. అరకులో ఫోటోకి డబ్బులు వసూలు చేసే ముక్కలు కావివి, ఎవరి చేను వాళ్ళదిగా పూసినవి. మెట్లు మెట్లుగా దిగే వరిమళ్ళు, వాటి మధ్య గెడ్డ (వాగు), గెడ్డలో గేదెలు. ఇదే ఈ లైనులో అందరూ చూడకుండా వదిలేసే భాగం.

దారిలో మాచ్‌కుండ్ రోడ్ అనే స్టేషన్ వస్తుంది. స్టేషన్ పేరు చివర రోడ్ అని ఉంటే ఊరు పక్కన లేదనే అర్థం. డుడుమా జలపాతం ఇక్కడే అనుకుని దిగకండి. దానికి అరకు నుంచో ఒడిశాలోని జయపూర్ నుంచో జీపు మాట్లాడుకోవాలి. 150 మీటర్లకు పైగా ఎత్తు నుంచి పడే జలపాతమే గానీ, నీళ్ళు మాచ్‌కుండ్ జలవిద్యుత్ కేంద్రానికి మళ్ళిస్తారు కాబట్టి ఎండాకాలంలో పాయ సన్నగా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్తేనే చూడాలి. దగ్గర్లోని ఒనకడిల్లిలో గురువారం సంత జరుగుతుంది, బోండా తెగ గిరిజనులు కొండ దిగి వస్తారు. సరుకు కొనడానికి వెళ్ళండి, కెమెరా సంచిలో ఉంచండి. వాళ్ళు వచ్చింది చింతపండు, చిరుధాన్యాలు అమ్ముకోవడానికి.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్ మన విశాఖ జిల్లాలోదే. ఆంధ్రా యూనివర్సిటీ సైన్స్ కాలేజీ పేరులో ఉన్న జయపూర్ విక్రమదేవ్ ఈ కొండల రాజే. అందుకే జయపూర్ బజారులో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది. కోరాపుట్ స్టేషన్ ఊళ్ళో లేదు, ఆటో ఎక్కాలి. ఊళ్ళో శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథుడి గుడి, దాని పక్కనే గిరిజన మ్యూజియం. రెండింటికీ కలిపి రెండు గంటలు చాలు. ఎత్తు మీద ఉన్న ఊరు, డిసెంబరు రాత్రి స్వెటర్ ఒక్కటే సరిపోదు. కోరాపుట్ దాటాక బండి రెండో ఘాట్ దిగుతుంది. మళ్ళీ సొరంగాలు, ఈసారి పెట్టెలో అరిచే పిల్లలుండరు. జయపూర్ నుంచి గుప్తేశ్వరం గుహాలయం రోడ్డున అరవై కిలోమీటర్ల లోపు, అడవి దారి. శివరాత్రికి తప్ప మిగతా రోజుల్లో జనం పల్చగా ఉంటారు, బండి మాట్లాడుకునేటప్పుడే రానూపోనూ అని చెప్పాలి.

జగదల్‌పూర్‌లో రెండు రాత్రులు ఉండండి. ఇంద్రావతి మీది చిత్రకోట్ జలపాతం 38 కిలోమీటర్లు. ఎత్తు 30 మీటర్ల లోపే గానీ, వానాకాలంలో నది గుర్రపు నాడా ఆకారంలో ఒడ్డు నుంచి ఒడ్డుకు విరిగి పడుతుంది. అప్పుడు నీళ్ళు ఎర్రటి బురద రంగు, తెల్లటి నురగ కావాలంటే చలికాలం. ఇంకో దిక్కున తీరథ్‌గఢ్ జలపాతం, కాంగేర్ లోయ అడవి, అందులో కోటుంసర్ సున్నపురాయి గుహ. బొర్రా చూసిన కళ్ళకి ఈ గుహ వేరుగా ఉంటుంది, ఇరుకు దారిలో వంగి దిగాలి, రంగుల దీపాలుండవు. గాలి ఆడదు, ఉబ్బసం ఉన్నవాళ్ళు దిగొద్దు. చిక్కు ఎక్కడంటే వానాకాలంలో గుహ మూసేస్తారు, చిత్రకోట్ నిండుగా ఉండేదీ అప్పుడే. రెండూ కావాలంటే నవంబరు మొదటి వారాలే దారి. గుహ తెరిచి ఉంటుంది, నదిలో నీరు ఇంకా మిగిలి ఉంటుంది.

దంతెవాడకు చీకట్లో రైల్లో పోవడం దండగ. మర్నాడు జగదల్‌పూర్ నుంచి బస్సులో వెళ్ళండి, సుమారు 85 కిలోమీటర్లు. శంఖిని, డంకిని నదులు కలిసే చోట దంతేశ్వరి అమ్మవారి గుడి. మగవాళ్ళు ప్యాంటుతో లోపలికి వెళ్ళకూడదు, పంచె కట్టాలి, ఇంటి నుంచి ఒకటి తెచ్చుకుంటే నయం. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడని ఆ రాజవంశం చెప్పుకుంటుంది. తెలుగువాడు ఆ మంటపంలో నిలబడినప్పుడు ఈ మాట గుర్తుండాలి. గీదం మీదుగా బార్సూర్ వెళ్తే నాగవంశీయుల కాలపు గుళ్ళు, 32 స్తంభాల శివాలయం, జంట వినాయకులు. అంత పెద్ద రాతి విగ్రహాల ముందు మీరొక్కరే నిలబడి ఉండే రోజులే ఎక్కువ.

ఇక లోపాలు. బండిలో ప్యాంట్రీ (వంట పెట్టె) లేదు. బొర్రా, అరకు స్టేషన్లలో జామకాయలు, ఉడకబెట్టిన మొక్కజొన్న పొత్తులు వస్తాయి, ఆ తర్వాత నమ్మకం లేదు. పులిహోర పొట్లం, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, చిల్లర నోట్లు విశాఖలోనే సర్దుకోవాలి. మరుగుదొడ్డి మధ్యాహ్నానికి పాడవుతుంది, నీళ్ళు అయిపోతాయి, అరకులో బండి ఆగినప్పుడే పని కానిచ్చుకోండి. జూలై నుంచి అక్టోబరు దాకా కొండ చరియలు పట్టాల మీద పడి రోజుల తరబడి లైను మూతపడటం ఉంది. లైను పనులున్నప్పుడు బండిని అరకులోనో కోరాపుట్‌లోనో ఆపేస్తారు, భద్రతా కారణాలతో దంతెవాడలో ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి. ముందు రోజు రాత్రి, బయల్దేరే పొద్దున్న, రెండుసార్లు రైళ్ళ రాకపోకలు చూపే రైల్వే వాళ్ళ ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూసుకోవాలి. మధ్యలో ఆపేస్తే టికెట్టు డబ్బు వాపసుకు టీడీఆర్ అనే దరఖాస్తు పెట్టుకోవడం మర్చిపోవద్దు.

రాత్రి పూట కూడా కిరండూల్‌కు ఒక ఎక్స్‌ప్రెస్ ఉంది. పడుకుని వెళ్ళొచ్చు, ఒక రోజు కలిసొస్తుంది, ఘాట్ మాత్రం కనబడదు. వెళ్ళేటప్పుడు పగటి పాసింజర్, తిరిగొచ్చేటప్పుడు ఎక్స్‌ప్రెస్ అనుకుంటే సరిపోతుంది. తిరుగు పాసింజర్ సమయానికి నడిస్తే సాయంత్రం వెలుగులో ఘాట్ దిగుతుంది గానీ, డిసెంబరులో గంట ఆలస్యమైనా త్యాడ దగ్గరే చీకటి పడుతుంది. కోరాపుట్‌లో బండి రద్దయిందని తెలిస్తే స్టేషన్లో కూర్చోకండి, బస్టాండుకు వెళ్ళండి. సాలూరు ఘాట్ మీదుగా విజయనగరం, విశాఖ బస్సులున్నాయి. ఆ మలుపుల్లో కడుపులో తిప్పేవాళ్ళు ముందు సీటు అడిగి కూర్చోవాలి.